మూడు కేవీఏ లెక్క

మా వ్యాన్‌కి తీసుకున్న జనరేటర్ మూడు కేవీఏది. అది చాలలేదని సత్తెనపల్లిలో చాలామంది అనుకుంటారు. వాళ్ళు అలా అనుకోవడానికి కారణం మా తమ్ముడు. నలభై ఏళ్ళు మోటార్లు చుట్టిన మనిషి చివరికి తన బండికి తానే లెక్క తప్పాడని వాడు టీ కొట్టు దగ్గర, మిర్చి కల్లంలో, పెళ్ళి భోజనాల బంతిలో చెప్పాడు. చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. బావంటే వాడికి చాలా ఇష్టం. ఇష్టమైనవాళ్ళ గురించి మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడానికి వాడికి దొరికిన కథ అది. నేను ఏడాదిన్నరగా విని ఊరుకున్నాను. ఆ కథ తప్పు. ఎక్కడ తప్పో పోయిన నెల దాకా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మావారికి మోటారు రివైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటారు విప్పి, పాత రాగితీగ తీసేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి ఇచ్చేవారు. పత్తికీ మిరపకీ నీళ్ళు పెట్టే రోజుల్లో షాపు ముందు ట్రాక్టర్లు వరసగా ఆగేవి. నేను గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. సాయంత్రం గ్రంథాలయం మూసేసి షాపుకి వెళ్ళి ఆయన పని అయ్యేదాకా కూర్చునేదాన్ని. అందువల్ల మోటార్ల భాష కొంత వచ్చింది.

ఆ భాషలో ముఖ్యమైన మాట 'లేవడం'. షాపుకొచ్చిన రైతు మోటారు చెడిపోయిందని అనడు. "లేవట్లేదండీ" అంటాడు. స్విచ్ వేస్తే మూలుగుతుంది, తిరగదు. తిరుగుతున్న మోటారు తీసుకునే కరెంటు వేరు, ఆగి ఉన్నది లేవడానికి తీసుకునే కరెంటు వేరు. లేచేటప్పుడు మూడింతలో నాలుగింతలో తీసుకుంటుంది, అదీ రెండు మూడు సెకన్లే. ఆ రెండు మూడు సెకన్లు ఇవ్వలేని లైను మీద అది లేవదు. నేను చూసిన నిఘంటువుల్లో 'లేచు' కింద ఈ అర్థం కనపడలేదు.

ఇక్కడి రైతులకి ఇంకో అలవాటు ఉంది. ఐదు హార్స్‌పవర్‌కి పర్మిషన్ తీసుకుంటారు, బోరులో ఏడున్నర దించుతారు. లైను చివర వోల్టేజీ పడిపోతుంది కాబట్టి పెద్ద మోటారైతే గుంజుకుంటుందని నమ్మకం. అందరూ అలాగే గుంజితే వోల్టేజీ ఇంకా పడుతుంది. అప్పుడు ఇంకో సైజు పెంచుతారు. ఆ అలవాటు వల్లే మోటార్లు కాలిపోయేవి, మా ఇల్లు గడిచేది. అయినా ఆయన వచ్చిన ప్రతివాడినీ తిట్టేవారు. "సైజు నువ్వు చెప్పకు. పనేంటో చెప్పు, సైజు నేను చెప్తా" అనేవారు. బోరు ఎంత లోతు, నీళ్ళు ఎంత దూరం వెళ్ళాలి, పైపు ఎంత లావు, అన్నీ అడిగి కాగితం మీద లెక్క వేసేవారు. ఆయన చెప్పిన సైజు తప్పిందని ఎవరూ వెనక్కి రాలేదు. ఆ విషయంలో ఆయనకి గర్వం ఉండేది. వేరే దేంట్లోనూ ఉన్నట్టు నాకు తెలియదు.

షాపు వేరేవాళ్ళకి అప్పగించిన ఏడాది వ్యాన్ కొన్నాం. అంతకుముందు అది ఒక కాలేజీ స్టాఫ్‌ని తిప్పేది. సీట్లు పీకించి రెండు మంచాలు, ఒక అల్మారా, చిన్న సింకు పెట్టించారు. ఆ కోరిక ఎందుకు పుట్టిందో ఒకసారే చెప్పారు. పని మీద ఆయన తిరగని ఊరు లేదు. చీరాల అవతల రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే మోటార్లు బాగుచేయడానికి ఏడాదికి పదిసార్లైనా వెళ్ళేవారు. సముద్రం చెరువు గట్టు మీంచి కనపడేది. పని అవగానే చీకటి పడకుండా బయల్దేరాలి, మర్నాడు షాపు తెరవాలి. "ఎక్కడికెళ్ళినా తిరిగి రావడమే. ఉండటమన్నది లేదు" అన్నారు.

మంచాలు బిగిస్తుండగా దగ్గు మొదలైంది. గుంటూరులో డాక్టర్ ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని, వెనక్కి తిప్పే మందు లేదని చెప్పాడు. ఆరు నెలలకి ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ట్యూబు ద్వారా ముక్కుకి అందించే పెట్టె అది. గోడ ప్లగ్గుకి పెట్టాలి. మొదట రాత్రిళ్ళు మాత్రమే, తర్వాత రోజంతా. ట్యూబు పొడవు ఏడు మీటర్లు. వంటింటి దాకా వస్తుంది, వీధి గేటు దాకా రాదు. వ్యాన్ గేటు అవతల ఉండేది.

"వాడరేవులో మూడు రాత్రులు ఉండొస్తే చాలు" అన్నారు ఒకరోజు.

"మిషను ఆగిపోతే?"

"ఆగకుండా చూడటమే కదా ఇన్నేళ్ళు నేను చేసిన పని."

నేను డాక్టర్ని అడిగాను. కరెంటు ఆగకుండా ఉంటే, పక్కన నిండు ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుంటే వెళ్ళొచ్చన్నాడు. రెండు షరతులు పెట్టాడు. వేడి తగలకూడదు కాబట్టి ఏసీ ఉండాలి. ఆక్సిజన్ ఉన్నచోట మంట ఉండకూడదు కాబట్టి వ్యాన్‌లో గ్యాస్ పొయ్యి వెలిగించకూడదు.

మర్నాడు భోజనాల బల్ల మీద కాగితం పెట్టి నన్ను రాయమన్నారు. ఎక్కువ మాట్లాడితే ఆయాసం కాబట్టి వస్తువుల వెనకున్న ప్లేట్లు చదవడం, రాయడం నా వంతు. ఆక్సిజన్ మిషను మూడు వందల యాభై వాట్లు. టన్ను ఏసీ పన్నెండు వందలు. మందులకి చిన్న ఫ్రిజ్ నూట ఇరవై. ఫ్యాను, లైట్లు, ఫోన్లు కలిపి వంద. మందు పీల్చే నెబ్యులైజర్ నూట ముప్ఫై.

"పంతొమ్మిది వందలు. రెండు కిలోవాట్లది తెస్తే సరిపోతుంది" అన్నాను.

ఆయన నవ్వారు. దగ్గొచ్చింది. తగ్గాక, "నడిచేవి కలిపావు. లేచేవి కలపలేదు" అన్నారు.

ఏసీ ఒక్కటే లేచేటప్పుడు నాలుగు వేలు దాటుతుందట. అప్పటికే మిషను నడుస్తూ ఉంటుంది. ఫ్రిజ్ కూడా అదే సమయానికి లేస్తే అన్నీ కలిసి వోల్టేజీని కిందకి లాగుతాయి, మిషను ఆగిపోతుంది. పైగా జనరేటర్ మీద రాసేది కేవీఏ. మూడు కేవీఏ అంటే మూడు వేల వాట్లు అనుకోకూడదు, ఇరవై నాలుగు వందలే అనుకోవాలి. ఎండాకాలం ఇంకొంచెం తగ్గించుకోవాలి. ఇవన్నీ రాశాను. బ్యాటరీల మాట కూడా వచ్చింది. ఏసీతో సహా రాత్రంతా నడపాలంటే ఎన్నో బ్యాటరీలు మోయాలి, వాటిని మళ్ళీ నింపడానికి ఎలాగూ జనరేటర్ కావాలి, వద్దన్నారు.

అప్పుడే మా తమ్ముడు వచ్చాడు. సత్తెనపల్లికి దగ్గర్లోనే వాడి ఊరు, మిర్చీ పత్తీ వేస్తాడు.

"ఏంటి బావా, అక్క చేత ఎక్కాలు రాయిస్తున్నావా?"

"జనరేటర్ సైజు రా."

"దానికి కాగితం దేనికి? ఏడున్నర పెట్టించెయ్. వాడుకున్నంత వాడుకో, మిగిలితే మిగుల్తుంది."

"బోరు మోటారనుకున్నావేంట్రా?"

"ఏదైనా అంతే బావా. పెద్దది పెడితే నష్టమేంటంట? మా చేలో ఐదున్నచోట ఏడున్నర దించా. ఆరేళ్ళయింది. కాలిందా?"

"రెండుసార్లు కాలింది. రెండుసార్లూ నేనే చుట్టా."

"అది వోల్టేజీ వల్ల."

"వోల్టేజీ ఎవరి వల్లరా?"

"నా ఒక్కడి వల్లా? ఊరంతా వేశారు" అన్నాడు వాడు. ఆయన ఇక మాట్లాడలేదు. ఊపిరి దాచుకోవడం అప్పటికే అలవాటైంది.

వారం తర్వాత తమ్ముడు వ్యాన్‌కి చిన్న రిపేరు చేయిస్తానని తీసుకెళ్ళాడు. తెచ్చేసరికి వెనక ఇనుప ఫ్రేము బిగించి, దాని మీద ఏడున్నర కేవీఏ డీజిల్ జనరేటర్ ఉంది. షామియానాల వాళ్ళ దగ్గర దొరికిందట. ఇనుప డబ్బా మూసి ఉంది కాబట్టి చప్పుడు ఎక్కువ రాదన్నాడు. "ఇది నా తరఫున" అన్నాడు. వాడి ముఖం చూసి ఆయన వద్దనలేకపోయారు. ఒక రోజు నడిపి చూద్దామన్నారు.

తమ్ముడి చేలోకే వెళ్ళాం. మార్చి మొదటి వారం. కల్లంలో పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. వ్యాన్ కల్లానికి కొంచెం దూరంగా ఆపి జనరేటర్ వేశారు. పొద్దున చల్లగానే ఉంది కాబట్టి ఏసీ వేయలేదు. ఆక్సిజన్ మిషను, ఫ్యాను, ఫ్రిజ్ నడుస్తున్నాయి. అంటే ఆరు వందల వాట్లు కూడా లేదు. ఆరు వేల వాట్లు ఇవ్వగల ఇంజన్‌కి అది పనే కాదు. అరగంటకి పొగ నల్లగా మారింది, పొగగొట్టం చివర జిడ్డు మసి కట్టింది. "చూడు, డీజిల్ ఇంజన్‌కి సరిపడా పని లేకపోతే ఇలాగే అవుతుంది" అని ఆయన కిటికీలోంచి నాకు చూపించారు. అప్పటికి ఇద్దరికీ అది ఒక సాంకేతిక విషయం మాత్రమే.

పది దాటాక గాలి మళ్ళింది. కల్లం మీంచి ఘాటు వ్యాన్ వైపు వచ్చింది. మాకందరికీ అది మామూలే, రెండు తుమ్ములు తుమ్మి ఊరుకుంటాం. జనరేటర్ ఫ్యాను ఆ దుమ్మునంతా లాక్కుని, తన పొగతో కలిపి, వ్యాన్ వెనక తలుపు సందులోంచి లోపలికి కొట్టింది. ఆయన దగ్గడం మొదలుపెట్టారు. ఆగలేదు. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటర్లో అంకె డెబ్బైల్లోకి దిగింది. పెదవుల రంగు మారింది.

తమ్ముడు పరిగెత్తుకొచ్చి, పొగ ఆపాలని, ఇంజన్ ఆపేశాడు. పొగ ఆగింది. ఆక్సిజన్ మిషను కూడా ఆగి కూత పెట్టింది.

వాడు నన్ను చూశాడు. నేను సిలిండర్ వాల్వు తిప్పాను. నా చేతులు ఆ రోజు బాగానే పనిచేశాయి. పది నిమిషాలకి అంకె ఎనభై ఐదుకి వచ్చింది. సిలిండర్ మీదే ఇంటికి తీసుకొచ్చాం.

నా వరకు ప్రయాణం అక్కడితో అయిపోయింది. ఆయన వరకు అది సైజు తేలిన రోజు. రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు కాగితం తెమ్మన్నారు.

"ఇంజన్ నడుస్తూనే ఉండాలి, నాకు దూరంగానూ ఉండాలి. బండికి బిగించింది దూరంగా ఎలా ఉంటుంది? గాలి ఎటుంటే అటు పక్కకి లాక్కెళ్ళి పెట్టగలగాలి. నువ్వొక్కదానివే లాగగలగాలి. అదీ సైజు" అన్నారు.

"అంత చిన్నది ఏసీని లేపదన్నారుగా?"

"జనరేటర్ని ఎందుకు పెంచాలి? లేచేదాన్ని తగ్గిద్దాం."

టన్ను ఏసీ తీసేసి ముప్పావు టన్నుది పెట్టించారు, ఇన్వర్టర్ రకం. అది ఒక్కసారిగా లేవదు, మెల్లగా వేగం అందుకుంటుంది. లోపల వేడి తగ్గించడానికి వ్యాన్ పైకప్పు కింద థర్మాకోల్ వేయించారు. అన్నీ కలిపి పద్నాలుగు వందల యాభైకి దిగింది. ఆ పైన చక్రాలున్న పెట్రోల్ జనరేటర్ తెప్పించారు, మూడు కేవీఏది. నేను పెరట్లో అటూ ఇటూ లాగి చూశాను. లాగగలిగాను. ఏది ముందు వేయాలో ఏది తర్వాతో నా చేత రాయించి అల్మారా తలుపుకి అంటించారు. ముందు ఆక్సిజన్ మిషను. రెండు నిమిషాలాగి ఏసీ. అది కుదుటపడ్డాక ఫ్రిజ్. చివరి వరస నాకు బాగా గుర్తు, నా దస్తూరీతోనే ఉంది: ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టకూడదు.

తమ్ముడు తన ఏడున్నరని విప్పుకుని వెళ్తూ, "మూడేంటి బావా? మా ఊళ్ళో మైకు సెట్టుకైనా చాలదు" అన్నాడు.

"నేను మైకులో పాడట్లేదు కదరా."

"పాడినా ఎవడు వింటాడులే!" అని వాడు నవ్వాడు. ఆ కల్లం రోజు తర్వాత వాడు నవ్వడం అదే మొదలు.

మార్చి చివర్లో ఒక శుక్రవారం బయల్దేరాం. వాడరేవు దగ్గర నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరుగారికి సరుగుడు తోట ఉంది. అక్కడ కరెంటు లేదు, నీడ ఉంది, సముద్రం నడిచేంత దూరంలో ఉంది. దారిలో ఇద్దరికీ సిలిండరే సరిపోయింది అనబోయాను, అలా అనడం సరికాదు. దారంతా ఆయన సిలిండర్ మీద ఉన్నారు, నేను దాని ముల్లు చూస్తూ ఉన్నాను. తమ్ముడు బండి నడిపి, మమ్మల్ని దింపి, ఇంకో పెద్ద నిండు సిలిండరూ పెట్రోల్ క్యాన్లూ నీడలో పెట్టి, కల్లంలో కాయలున్నాయని బస్సుకి వెళ్ళిపోయాడు. సోమవారం పొద్దున వస్తానన్నాడు.

మొదటి రోజు ఏ ఇబ్బందీ లేదు. జనరేటర్ని చెక్కల మీద లాక్కెళ్ళి, గాలి మా వైపు నుంచి అటు వీచేచోట, ముప్ఫై అడుగుల దూరంలో పెట్టాను. పెట్రోల్ పోయాలంటే ఇంజన్ ఆపాలి. ముందు ఆయన్ని సిలిండర్‌కి మార్చి, ఆపి, కొంచెం చల్లారనిచ్చి, పోసి, మళ్ళీ వేసి, వరస ప్రకారం ఒక్కొక్కటే లేపేదాన్ని. ఆయన మంచం మీంచి చెవితోనే చూసేవారు. ఏసీ అందుకున్నప్పుడు ఇంజన్ చప్పుడు కొంచెం దిగి మళ్ళీ నిలబడుతుంది. "లేచింది" అనేవారు. శనివారం సాయంత్రం చిన్న సిలిండర్ తోపుడు బండి మీద పెట్టుకుని నీళ్ళ అంచు దాకా వెళ్ళి అరగంట కుర్చీలో కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నామంటే పెద్దగా ఏమీ లేదు. రొయ్యల చెరువుల్లో ఒకప్పుడు ఏ కంపెనీ మోటార్లు ఉండేవో చెప్పారు. దూరంగా ఒక పడవ ఇంజన్ విని, దాని బేరింగు పోయిందన్నారు.

ఆదివారం పొద్దున గాలి ఎక్కువగా ఉంది. వంట బయట, పట్టా కింద చేసుకునేవాళ్ళం. పొయ్యి మూడుసార్లు వెలిగించాను, మూడుసార్లూ ఆరిపోయింది. ఆయనకి పొద్దున వేన్నీళ్ళు తాగితేనే కఫం కదులుతుంది. కూర్చుని గుండె పట్టుకుని దగ్గుతున్నారు. నా సంచిలో కెటిల్ ఉంది. ఎందుకు ఉందంటే నేనే పెట్టాను. పనికొస్తుందేమోనని పెట్టాను. ఆడవాళ్ళు ప్రయాణానికి సంచి సర్దేటప్పుడు వేసే లెక్క అది, మా తమ్ముడి ఏడున్నర లెక్క లాంటిదే. రెండు నిమిషాలే కదా అనుకుని ప్లగ్గు పెట్టాను.

కెటిల్ పదిహేను వందల వాట్లది. నడుస్తున్నవి పద్నాలుగు వందలు. కూడిక నాకు వచ్చు.

ఏసీ ఆగింది, ఫ్యాను ఆగింది, మిషను కూత పెట్టింది. బయట ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది. అది నన్ను గందరగోళపెట్టింది. ఇంజన్ నడుస్తుంటే కరెంటు ఎలా పోతుందో నాకు అర్థం కాలేదు. అలాంటి జనరేటర్ మోతాదు మించితే కరెంటు ఆపేసి, ఇంజన్ తిరగనిచ్చి, ఎర్ర దీపం చూపిస్తుందని ఆయన నాకు రెండుసార్లు చెప్పి ఉన్నారు. నేను సిలిండర్ దగ్గరికి వెళ్ళాను. వాల్వు తిప్పే తాళంచెవి దొరికింది, తిప్పలేకపోయాను. చేతులు పట్టు తప్పాయి. ఎటు తిప్పాలో మర్చిపోయాను.

ఆయన మంచం దిగి, నా చేతిలోంచి తాళం తీసుకుని, తానే తిప్పుకున్నారు. ట్యూబు మార్చుకుని నాలుగైదు ఊపిర్లు తీసుకున్నారు. తర్వాత, "కెటిల్ పీకు. అన్ని స్విచ్‌లూ తీసెయ్. వెళ్ళి ఇంజన్ ఆపి, మళ్ళీ లేపు" అన్నారు.

అన్నీ చేశాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వేలి మీటర్ తొంభై చూపించింది. ఆయనకి ఏమీ కాలేదు.

"చూశావా, ఎంత శుభ్రంగా ట్రిప్ అయిందో. దేన్నీ కాల్చలేదు. మంచి జనరేటర్" అన్నారు. ఏడున్నర కేవీఏది ఉంటే కెటిల్‌ని అసలు పట్టించుకునేది కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ మాట దాచలేదు. "పెద్దదైతే ఆగేది కాదులే. కానీ దాని పొగలో నిన్నా మొన్నా గడిచేవి కావు" అన్నారు.

"ఇంటికెళ్దాం" అన్నాను.

ఆయన కిటికీలోంచి క్యాన్ల వైపు చూశారు. "పెట్రోలు రేపు మధ్యాహ్నం దాకా ఉంది. పెద్ద సిలిండర్ ముట్టుకోలేదు. ఇంకొక్క రాత్రి. ఏ ఇబ్బందీ రాదు."

"నాకు భయంగా ఉంది."

ఆయన వాదిస్తారనుకున్నాను. లెక్క కాగితం మీద చూపిస్తారనుకున్నాను. చూపించి ఉంటే బహుశా ఉండేవాళ్ళం. "సరే. వాడికి ఫోన్ చెయ్" అన్నారు.

తమ్ముడు ఫోన్ ఎత్తగానే, "ఇవాళే వచ్చెయ్‌రా, తీసుకెళ్ళు" అన్నాను.

"ఏంటక్కా? బావకేమైంది?"

"ఏం కాలేదు. నేనే..." అంటుండగా ఆయన చెయ్యి చాపారు. ఫోన్ ఇచ్చాను.

"ఏం కాలేదురా, కంగారు పడకు. లెక్క తప్పింది. జనరేటర్ చాల్లేదు" అన్నారు.

అవతల నుంచి వాడి గొంతు నాకూ వినపడింది. "చెప్పానా బావా! మొత్తుకున్నానా! మైకు సెట్టుకే చాలదన్నానా! పెద్ద లెక్కలు వేశావుగా, కాగితాలు కాగితాలు!"

"చెప్పావురా బాబూ. నువ్వే కరెక్టు."

ఫోన్ పెట్టేశాక ఎందుకలా చెప్పారని అడిగాను. "నిన్నంటే వాడు జన్మంతా అంటాడు. నన్నైతే నాలుగు రోజులు నవ్వి మర్చిపోతాడు" అన్నారు. తర్వాత కళ్ళు మూసుకుని పడుకున్నారు. తమ్ముడు వచ్చేదాకా, నాలుగున్నర గంటలు, జనరేటర్ ఒక్కసారి కూడా తడబడలేదు. మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చిన టీచరుగారు మాకోసం రొయ్యల కూర తెచ్చారు, మేం సామాను సర్దుతుంటే చూసి నొచ్చుకున్నారు. జనరేటర్ చాలలేదండీ అని ఆవిడకి నేనే చెప్పాను.

మళ్ళీ వెళ్ళలేదు. ఏప్రిల్, మే ఎండలు. జూన్‌లో ఆస్పత్రి. శ్రావణమాసంలో పోయారు. ఇలాంటి వాటి గురించి రాసిన పుస్తకాలు నేను చాలానే చదివాను, ఇతరులకి ఇచ్చాను కూడా. వాటిలో ఏదీ ఆ ఆదివారం గురించి నాకు ఏమీ చెప్పలేదు.

పోయిన నెల తమ్ముడు వాళ్ళ ఊరి దంపతుల్ని తీసుకొచ్చాడు. శ్రీశైలం, ఇంకా కొన్ని చోట్లకి తిరగడానికి వ్యాన్ కావాలట. చూసుకున్నారు, నచ్చింది. తమ్ముడు జనరేటర్ దగ్గర నిలబడి వాళ్ళకి చెబుతున్నాడు: "బండి బ్రహ్మాండంగా ఉంది. ఇదొక్కటి మార్పించుకోండి. చాలదు. మా బావే చేతులెత్తేశాడు దీంతో, వాడరేవులో."

"చాలింది" అన్నాను.

వాడు వెనక్కి తిరిగాడు. "ఏంటక్కా?"

"జనరేటర్ చాలింది."

ఆ దంపతులు వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత వరండాలో కూర్చున్నాడు. కెటిల్ సంగతి, తాళం సంగతి, ఇంకొక్క రాత్రి ఉందామని ఆయన అన్న సంగతి, అన్నీ వరసగా చెప్పాను. పెట్రోల్ ఎంత మిగిలిందో కూడా చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి? నేను ఊరంతా చెప్పుకు తిరిగానే!"

"తెలుసు."

"ఆ రోజు వ్యాన్ తోలుకొస్తూ దారంతా ఆటపట్టించాను బావని. చీరాల నుంచి ఇంటిదాకా. నువ్వు వెనకాల పడుకున్నావు. నిద్రపోయావనుకున్నా."

"నిద్రపోలేదు. ఇంజన్ చప్పుడులో మాటలు వినపడలేదు. ఏమనేవారు ఆయన?"

"ఏమంటాడు? ఇంకోసారి చెప్పరా, ఇంకోసారి చెప్పరా అని నవ్వాడు. నేను చెప్పినప్పుడల్లా నవ్వాడు."